అమ్మమ్మ అప్పడాల కర్రకు అతిథి శిష్యులు

ఇటలీలోని బొలోన్యాకు వెళ్లే పర్యాటకుల్లో కొందరు హోటల్ మెనూతో సరిపెట్టుకోవడం లేదు. ఎవరింటి తలుపో తట్టి, ఏప్రాన్ కట్టుకుని, ఇంటావిడ పక్కన నిలబడి పిండి పిసుకుతున్నారు. కొన్ని గంటల పాఠం, ఆ తర్వాత వండిందే భోజనం. ఫీజు సరేసరి.

లెక్క చిన్నదే. మనిషికి 100 గ్రాముల మెత్తని గోధుమపిండి, ఒక గుడ్డు. నీళ్లుండవు. బాగా పిసికి, అరగంట మూతపెట్టి ఉంచి, పొడవాటి కర్రతో వత్తాలి. ఆ పొరలోంచి కొండమీది సాన్ లూకా చర్చి కనిపించాలని స్థానికులు సరదాగా అంటారు. చపాతీల్లో ఆరితేరిన చేతులకూ ఇది పరీక్షే. దాన్ని మడిచి రిబ్బన్లలా కోస్తే తాల్యతెల్లె పాస్తా సిద్ధం.

ఆ రిబ్బన్‌కు అధికారిక కొలత కూడా ఉంది. ఉడికాక వెడల్పు 8 మిల్లీమీటర్లు ఉండాలంటూ 1972లో నగర వాణిజ్య మండలిలో బంగారు నమూనా దాచారు. 1974లో తోర్తెల్లీనిలో కూరే పదార్థాలనూ, 1982లో మాంసంతో చేసే రాగు తయారీనీ నమోదు చేశారు.

శాకాహారులు మాత్రం ముందే మాట్లాడుకోవాలి. తోర్తెల్లీనిలో పంది మాంసం తప్పనిసరి. పార్మిజానో చీజ్ తయారీలో దూడ పొట్ట నుంచి తీసిన ఎంజైము వాడతారు. గుడ్డు కూడా వద్దనుకునేవారికి దక్షిణాన బారి నగరం నయం. అక్కడి ఒరెకియెత్తెకు గట్టిగోధుమ రవ్వపిండి, నీళ్లు చాలు.

ఇంతకీ కొలతలు రాసిపెట్టాక గురువెందుకు? గుడ్డు సైజును బట్టి, గాలిలో తేమను బట్టి పిండి తీరు మారుతుంది. అది వేలికి తెలియాలే తప్ప కాగితానికి తెలియదు. తల్లి నుంచి కూతురికి అందుతూ వచ్చిన ఈ పనితనానికి ప్యాకెట్ పాస్తా, తీరికలేని ఉద్యోగాలు పోటీ అయ్యాయి. ఇంటివంటలను కాపాడాలని 2004లో బొలోన్యాలో మొదలైన 'చెజారినె' బృందం ఇప్పుడు ఇటలీ అంతటా ఇళ్లలో పాఠాలు చెప్పిస్తోంది.

2025 డిసెంబర్‌లో న్యూఢిల్లీలో జరిగిన యునెస్కో సమావేశం ఇటలీ వంటను మానవాళి వారసత్వ జాబితాలో చేర్చింది. మన దీపావళికి చోటు దక్కిందీ అదే సమావేశంలో. ఆ గుర్తింపు ఏదో ఒక వంటకానికి కాదు, కలిసి వండుకుని తర్వాతి తరానికి అందించే అలవాటుకు. టూరిస్టు ఒక పూట నేర్చుకుని వెళ్లిపోతాడు. ఏళ్ల తరబడి ఆ కర్ర పట్టాల్సింది ఆ ఇంటి పిల్లలే.