ఆంగ్లభాషలోని అన్యదేశ్య పదములు: ప్రాణహితా తీరమునుండి ఒక పరిశీలన

మహారాష్ట్రమున గడ్చిరోలి మండలములో, ప్రాణహితా గోదావరుల సంగమమునకు చేరువను సిరోంచా తాలూకా కలదు. అందలి రేగుంట మొదలగు గ్రామములలో పెక్కిండ్ల తెలుగే మాతృభాష. పిల్లలు ఇంట తెలుగు పలుకుదురు. బడిలో మరాఠీ చదువుదురు. పై చదువులకు ఆంగ్లము నాశ్రయింతురు. ఇట్టిచోట తమ పలుకు గడప దాటనిదను చిన్నతనము బాలుర మనస్సున నాటుకొనుట సహజము. ఆ తలంపు ఎంతవరకు నిజమో ఆంగ్లపదములనే సాక్షులుగా నిలిపి విచారింతము.

ఆంగ్లము ఋణము చేయుటకు సంకోచింపని భాష. వర్తకులు, నావికులు, సైనికులు పోయినచోటనెల్ల మాటలను మూటగట్టుకొని వచ్చిరి. ‘కాటమరాన్’ తమిళుల కట్టుమరమే. ‘చెరూట్’ మన చుట్టయే యైనను, ఆ మాట తమిళ రూపమగు ‘శురుట్టు’ నుండి పోయినది. ‘మాంగో’ మలయాళపు ‘మాంగా’ నుండి పోర్చుగీసువారి నోట పడి ఆంగ్లమును చేరినది.

తెలుగువారి సొత్తని నిశ్చయముగా చెప్పదగినది ‘బాండికూట్’. ఇది మన పందికొక్కు. పంది యొకటి, కొక్కు యొకటి. కొక్కనగా పెద్ద యెలుక. పందివలె నేలను త్రవ్వి, గాదెలను గుల్లచేయు ఈ జంతువునకు మన రైతు పెట్టిన పేరెంత తగినదో చెప్ప నక్కరలేదు. ఆంగ్లేయుల నోట పకారము బకారమైనది. కొక్కు ‘కూట్’ అయినది. యూలు, బర్నెలు పండితులు 1886లో ప్రకటించిన ‘హాబ్సన్ జాబ్సన్’ అను నిఘంటువున ఈ పదము తెలుగునుండియే వచ్చెనని వ్రాసిరి.

ఈ పదయాత్ర అంతటితో ముగియలేదు. 18వ శతాబ్ది చివర ఆస్ట్రేలియాకు పోయిన ఆంగ్లేయులు అచ్చటి యొక జంతువును చూచి, పోలికనుబట్టి దానికిని ఈ పేరే పెట్టిరి. అది యెలుక జాతిదే కాదు. కంగారువలె పిల్లలను సంచిలో మోయు జంతువు. మన పందికొక్కునకు మాత్రము 1873లో గ్రే అను జంతుశాస్త్రజ్ఞుడు ‘బాండికోటా’ అను ప్రజాతినామము నొసగెను. మన పొలముగట్టున పుట్టిన మాట లాటిను వేషముతో శాస్త్రగ్రంథముల కెక్కినది!

అయినను పోలిక కనబడినంతనే మనదే యనుకొనరాదు. ఆలాపల్లి అడవుల టేకు మనకు పరిచితమే. ‘టీక్’ అను ఆంగ్లపదము టేకునుండి పుట్టెనని తోచును. కాని అది మలయాళమునుండి పోర్చుగీసు ‘తెకా’ ద్వారమున ఆంగ్లమున ప్రవేశించినది. మన టేకు దానికి తోబుట్టువే కాని తల్లి కాదు. కావున ధ్వని కలియుట, అర్థము కలియుట చాలదు. పదము నడచిన త్రోవ తెలియవలెను. రేగుంట యను పేరున ‘గుంట’ చెవికి తోచును. దానినైనను పాత పత్రములతో సరిచూచిన పిమ్మటనే సిద్ధాంతముగా చెప్పవలెను.

ఇక సిరోంచా నేలలోనే దొరకిన వింతపదములను చూడుడు. 1842లో రిచర్డ్ ఓవెన్ గ్రీకు పదములను కూర్చి ‘డైనోసార్’ అను మాటను సృష్టించెను. భయంకరమైన బల్లి యని భావము. ఈ తాలూకాలోని పోచంపల్లి సమీపమున 1961 ప్రాంతమున కలకత్తాలోని భారత గణాంక సంస్థవారు అట్టి మహాజంతువుల యెముకలు సుమారు 300 వెలికితీసిరి. 1975లో దానికి ‘బరాపాసారస్ టాగోరీ’ అని నామకరణము జరిగినది. ‘బరా పా’ యనగా వంగభాషలో పెద్దకాలు. రెండవ పదము రవీంద్రుని స్మృతి.

సిరోంచా చెంతనున్న కోట గ్రామము పేర అచ్చటి రాతిపొరలను ‘కోట’ పొరలని భూగర్భశాస్త్రజ్ఞులు పిలుచుచున్నారు. తెలంగాణలోని యామనపల్లి వద్ద దొరకిన మరియొక జంతువునకు 1988లో యాదగిరిగారు ‘కోటాసారస్ యామనపల్లియెన్సిస్’ అని పేరిడిరి. 2011లో ‘జక్లపల్లిసారస్’ అనునది వెలువడినది. ఇందు తెలుగు ‘పల్లి’యు గ్రీకు ‘సారస్’ను ప్రక్కప్రక్కనే కూర్చున్నవి. ప్రపంచమున నెచ్చటి విద్వాంసుడైనను ఈ జంతువులను పేర్కొనదలచినచో మన పల్లెల పేర్లు పలుకక తప్పదు.

ఇందొక సూక్ష్మము గమనింపదగును. పోచంపల్లి జంతువునకు వంగనామము వచ్చుట యేల? త్రవ్వి, శోధించి, పేరిడినవారు కలకత్తా సంస్థవారగుటచేతనే. ఇందు చింతింపవలసిన దేమియు లేదు. కాని నేర్వవలసినది కలదు. నేల యెవరిదైనను, పేరు పెట్టు అధికారము పరిశోధించినవానిదే.

కావున మన పిల్లలు మరాఠీని శ్రద్ధతో చదువవలెను; ఆంగ్లమును చక్కగా నేర్వవలెను; ఇంటి తెలుగును మరువరాదు. పెద్దలు చెప్పు చెట్లపేర్లు, చేపలపేర్లు, గుట్టలపేర్లు, కుంటలపేర్లు నేడే వ్రాసి యుంచవలెను. పందికొక్కను మాటను లోకమున కిచ్చినవారు ఊరు పేరులేని రైతులు. రేపు లోకము తడుముకొను పేరు రేగుంట బిడ్డ పలకమీద నుండవచ్చును.