మా పెరటి కరివేప, వాళ్ళ తల్లి నారింజ

"కూరలో కరివేపాకులా తీసిపారేశారు" అన్న మాట పుట్టించినవారెవరో అమెరికాలో కాపురం చేసి ఉండరు. లాస్ ఏంజిలిస్ పక్కన మేము ఇల్లు పెట్టిన కొత్తలో, ఎవరి పెరట్లోనైనా కరివేప చెట్టుందని తెలిస్తే చాలు, వాళ్ళతో చుట్టరికం కలిపేసేవాళ్ళం. ముందు వరసలు, ఆ తరువాత రెమ్మలు!

మా చెట్టు 1994లో వచ్చింది. ఉగాది పండుగలో పరిచయమైన ఒక పెద్దావిడ, తన చెట్టు మొదట్లో లేచిన పిలకని వేళ్ళతో సహా తవ్వి, ఖాళీ కాఫీ డబ్బాలో పెట్టి ఇచ్చారు. "అప్పుడప్పుడూ పుల్లమజ్జిగ పొయ్యి. చలికాలం నీళ్ళు తగ్గించు. ఆకు రాలిందని కంగారుపడకు" అన్నారు. తెనాలి నుంచి వచ్చినప్పుడల్లా మా అత్తయ్యగారు మాకంటే ముందు ఆ చెట్టునే పలకరించేవారు. బియ్యం కడిగిన నీళ్ళు సింకులో పోస్తే ఊరుకునేవారు కాదు. దాని పిలకలు గృహప్రవేశాలకి వెళ్ళాయి, సీమంతాలకి వెళ్ళాయి, కొత్తగా కాపురానికి వచ్చిన అమ్మాయిల వెంట వెళ్ళాయి. ఎన్ని ఇళ్ళకో లెక్కపెట్టలేదు.

ఈ పంపకాలకి అడ్డుపడింది నువ్వుగింజంత పురుగు. పేరు ఏషియన్ సిట్రస్ సిల్లిడ్. కాలిఫోర్నియాలో 2008లో కనబడింది. నిమ్మజాతి చెట్ల లేత చిగుళ్ళ మీద గుడ్లు పెడుతుంది. మన కరివేప చిగురంటే దానికి మహా ప్రీతి. నిమ్మ, నారింజ, మారేడు, వెలగ, కరివేప అన్నీ ఒకే కుటుంబం మరి! కరివేపకి ఏ జబ్బూ రాదు. కానీ దాని మీద పెరిగిన పురుగు జబ్బు చెట్టు రసం తాగి, మంచి నారింజ మీద వాలిందంటే హెచ్.ఎల్.బి. అనే తెగులు అంటిస్తుంది. ఆకులు పసుపెక్కుతాయి, కాయలు వంకరపోయి చేదెక్కుతాయి, కొన్నేళ్ళకి చెట్టే పోతుంది. నయంచేసే మందు లేదు. ఫ్లారిడాలో ఇది 2005లో బయటపడింది. 2003-04లో 24 కోట్ల పెట్టెలున్న అక్కడి నారింజ పంట, తుఫానులు కూడా తోడై, 2022-23 నాటికి 1.6 కోట్లకి దిగింది. మా కౌంటీలో 2012లో, హసియెండా హైట్స్‌లోని ఒక ఇంటి పెరటి చెట్టుకి కనబడింది. క్వారంటైన్ ప్రాంతాల్లో కరివేప మొక్కలూ రెమ్మలూ కదిలించడం మీద ఆంక్షలొచ్చాయి. ఇండియా నుంచి సూట్‌కేసులో పచ్చి ఆకు తేవడం సరేసరి, నిషిద్ధం.

"ఏడు సముద్రాలు దాటొచ్చినా దీనికి వీసా తంటాలు తప్పలేదు" అని మావారు నవ్వారు. నాకు నవ్వు రాలేదు.

ఆ తరువాత ఓసారి రివర్‌సైడ్ వెళ్ళాం. అక్కడ మాగ్నోలియా, ఆర్లింగ్టన్ వీధులు కలిసేచోట, కంచె మధ్యలో ఒక ముసలి నారింజ చెట్టుంది. 1873లో ఎలైజా టిబ్బెట్స్ అనే ఆవిడకి వాషింగ్టన్‌లోని వ్యవసాయశాఖ పంపిన బ్రెజిల్ నారింజ మొక్కల్లో ఒకటి. గిన్నెలు కడిగిన నీళ్ళు పోసి బతికించిందని చెప్పుకుంటారు. (మా అత్తయ్యగారికి ఆవిడ వెంటనే నచ్చేసింది!) గింజల్లేని నేవెల్ నారింజ అంటు కడితేనే వస్తుంది. కాలిఫోర్నియా నేవెల్ తోటలన్నీ ఆవిడ చెట్ల సంతానమే. నూటయాభై ఏళ్ళ ఆ తల్లిచెట్టుకి పురుగు వాలకుండా, పెద్ద పందిరిలా వలతెర కట్టారు. ఊరి నడిబొడ్డున, కార్లు పోయే దారి పక్కన!

అత్తయ్యగారు కంచె పట్టుకుని చాలాసేపు చూసి, "బాలింతని దాచినట్టు దాచుకున్నారే" అన్నారు.

పోయిన ఏడాది మా అమ్మాయి ఫ్రీమాంట్‌లో ఇల్లు కొనుక్కుంది. "నాయనమ్మ నీళ్ళు పోసిన చెట్టు పిలక కావాలమ్మా" అంది. అత్తయ్యగారు పోయి అప్పటికి ఆర్నెల్లు. ఇవ్వనన్నాను. ఫోనులో ఇద్దరం కాసేపు మాట్లాడలేదు. డిక్కీలో పెట్టుకుపోతే ఎవరు చూస్తారని సలహా ఇచ్చినవాళ్ళూ మనవాళ్ళలో లేకపోలేదు. చివరికి అక్కడే లైసెన్సున్న నర్సరీలో మొక్క కొనుక్కుంది. జనవరిలో ఫోను: "అమ్మా, ఆకులన్నీ రాలిపోయాయి!"

నీళ్ళు తగ్గించి, మార్చి దాకా ఆగమన్నాను. మజ్జిగలో ఎన్ని నీళ్ళు కలపాలో అడిగి రాసుకుంది.