బాల్కనీలో బుల్లి సూర్యుడు!

మబ్బు పట్టిందంటే చాలు... కోనసీమలో కొవ్వొత్తి ఎక్కడుందో వెతుక్కుంటారు. గాలి కాస్త గట్టిగా వీస్తే కొబ్బరిమట్ట తీగల మీద పడుతుంది, కరెంటు పోతుంది. 1996 నవంబరు 6 తుపాను చూసినవాళ్లకి ఆ చీకటి గురించి చెప్పక్కర్లేదు. 2025 అక్టోబరు 28 రాత్రి నరసాపురం దగ్గర మొంథా తీరం దాటినప్పుడూ ఎన్నో ఊళ్లు చీకట్లోనే గడిపాయి.

అలాంటి చోట 'ప్లగ్గులో పెడితే ఇంట్లోనే కరెంటు' అంటే ఆశ పుట్టదూ!

ఈ ముచ్చట జర్మనీది. అక్కడ అద్దె ఇళ్లలో ఉండేవాళ్లే ఎక్కువ. డాబా తమది కాదు కాబట్టి బాల్కనీ కమ్మీలకి రెండు సౌరఫలకాలు బిగించి, చిన్న ఇన్వర్టర్ తగిలించి, తీగని గోడ సాకెట్‌లో పెట్టేస్తారు. ఫ్రిజ్ లాంటివి ముందు ఆ కరెంటు వాడుకుంటాయి, చాలకపోతే మిగతాది లైను నుంచి తీసుకుంటాయి. 2024లో ఈ ఇన్వర్టర్ల పరిమితిని అక్కడ 600 వాట్ల నుంచి 800 వాట్లకు పెంచారు. 2025 నాటికి నమోదైనవే పది లక్షలు దాటాయి.

అసలు మెలిక ఇక్కడుంది. వీధిలో కరెంటు పోగానే ఆ ఇన్వర్టర్ కూడా ఆగిపోతుంది... ఎండ మండిపోతున్నా సరే! కావాలనే అలా తయారుచేస్తారు. లేదంటే ఇంట్లోని కరెంటు ఎదురువెళ్లి, సరఫరా ఆగిందన్న ధీమాతో స్తంభమెక్కిన లైన్‌మన్ ప్రాణం తీస్తుంది. 'పీఎం సూర్యఘర్' కింద 78 వేల రూపాయల రాయితీతో డాబా మీద పెట్టించుకునే 3 కిలోవాట్ల సోలార్‌దీ ఇదే తీరు, బ్యాటరీ లేకపోతే. బిల్లు తగ్గుతుంది, చీకటి మాత్రం తప్పదు.

పైగా మన దగ్గర డిస్కం అనుమతి, నెట్ మీటరు లేకుండా సాకెట్‌లో గుచ్చడం కుదరదు. కొన్ని మీటర్లయితే బయటికి వెళ్లిన కరెంటుని కూడా మన వాడకం కిందే రాసేస్తాయి. ఎదురు బిల్లన్నమాట!

తుపాను రాత్రికి కావాలంటే లైనుతో సంబంధం లేకుండా ఓ ఫలకం, ఛార్జ్ కంట్రోలర్, బ్యాటరీ పెట్టుకోవాలి. పాత ఫ్యాను ఒక్కటే 75 వాట్లు లాగుతుంది. 30 వాట్ల బీఎల్‌డీసీ ఫ్యాను, రెండు ఎల్‌ఈడీ బల్బులు కలిపినా 50 వాట్లే. పది గంటలకి అర యూనిట్. ఆ మాత్రానికి పెద్ద హంగామా అక్కర్లేదు.

ఫలకం దక్షిణం వైపు ఉండాలి. కొబ్బరాకు నీడ కొంచెం పడినా కరెంటు బాగా పడిపోతుంది. బాల్కనీకి నిలువుగా కట్టినా డాబా మీద వాల్చి పెట్టినంత రాదు.

తుపాను హెచ్చరిక వచ్చిందా... ముందు ఫలకాన్ని విప్పి ఇంట్లో పెట్టాలి. పెద్దదైతే ఇరవై కిలోలపైనే ఉంటుంది, రెండో చెయ్యి సాయం ఉండాల్సిందే.