రెండు గొట్టాలు, ఒకటే గురి

వరంగల్ నుంచి డోర్నకల్ వెళ్లే రైలు మార్గంలో నెక్కొండ ఒక చిన్న స్టేషన్. 1902 ఏప్రిల్‌లో ఆ ఊరి దగ్గర వైస్రాయ్ లార్డ్ కర్జన్ కోసం షికారు డేరాలు వెలిశాయి. అంతకు కొద్ది రోజుల ముందే హైదరాబాద్‌లో ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్‌తో మాట్లాడి, బేరార్‌ను ఇంగ్లీషువాళ్లకు శాశ్వత కౌలుకు ఇచ్చేలా ఒప్పించాడాయన. ఒక వేట ముగించుకుని రెండో వేటకు వచ్చాడనుకోవచ్చు. నిజాం కొలువులో ఫొటోగ్రాఫర్‌గా ఉన్న రాజా లాలా దీన్‌దయాళ్ ఆ డేరాల దగ్గర తీసిన చిత్రాల్లో కర్జన్ దంపతులు చచ్చిన పులితో నిలబడి కనిపిస్తారు.

ఆ తరం దొరలు, నవాబులు స్థోమత ఉంటే పులి ముందుకు డబుల్ రైఫిల్‌తోనే పోవాలనుకునేవారు. ఇవాళ అలాంటిది ఏ పాత ఇంటి బీరువాలోంచో బయటపడితే వెల ఎంత కట్టాలి? ఇనుముకా, నగిషీకా, దాని మీద ఉన్న కంపెనీ పేరుకా? వెల కట్టాలంటే ముందు ఆ యంత్రం ఏ పని కోసం పుట్టిందో తెలియాలి.

పైపైన చూస్తే అది పొలాల్లో అడవి పందుల్ని బెదరగొట్టే పన్నెండు బోరు జంట గొట్టాల తుపాకిలాగే ఉంటుంది. ఆ తుపాకి గొట్టాలు లోపల నున్నగా ఉంటాయి, రవ్వలు చిమ్ముతాయి. రైఫిల్ గొట్టం లోపల మెలి తిరిగిన గాడులుంటాయి. వాటిని పట్టుకుని తిరుగుతూ వచ్చే ఒంటి గుండు సూటిగా పోతుంది. డబుల్ రైఫిల్ అంటే ఒకే మడమకు బిగించిన రెండు పూర్తి రైఫిళ్లు. గొట్టాలు రెండు, పేల్చే యంత్రాలు రెండు, ట్రిగ్గర్లు రెండు. ఒకవైపు స్ప్రింగు విరిగినా రెండోవైపు పనిచేస్తుంది. రెండో దెబ్బకు చెయ్యి కదపక్కర్లేదు, వేలు ఒక ట్రిగ్గర్ మీంచి రెండో దానిమీదికి జరిగితే చాలు. పాఖాల, ఏటూరునాగారం వెదురు పొదల్లో దెబ్బతిన్న పులి ఇరవై అడుగుల దూరంలోంచి మీదికి లేస్తే మనిషికి దొరికేది ఆ రెండో దెబ్బ ఒక్కటే. మూడోదానికి వ్యవధి ఉండదు.

ఈ యంత్రం మొదట ఇంత తీరుగా లేదు. నల్ల తుపాకిమందు రోజుల్లో నాలుగు బోరు, ఎనిమిది బోరు అని పిలిచే మోత బరువు తుపాకులుండేవి. పేలిస్తే వేటగాడికి పొగ తప్ప ఏమీ కనపడేది కాదు. 1856లో లండన్‌లోని జేమ్స్ పర్డీ తేలికపాటి గుండు వెనక ఎక్కువ మందు దట్టించి, వేగంగా పోయే రైఫిల్ తయారుచేసి దానికి రైలు పేరు పెట్టాడు. ఆ ‘ఎక్స్‌ప్రెస్’ అనే మాట తుపాకుల మీద నేటికీ నిలిచి ఉంది. 1875లో బర్మింగ్‌హామ్‌లోని వెస్ట్లీ రిచర్డ్స్ కంపెనీకి చెందిన ఆన్సన్, డీలీ కలిసి, బయట కొమ్ముల్లా పొడుచుకొచ్చే సుత్తుల్ని తుపాకి పొట్టలోకి మార్చేశారు. గొట్టాలు మడిచినప్పుడల్లా సుత్తులు వాటంతటవే ఎక్కుకునే ఏర్పాటు అది. బాక్స్‌లాక్ అంటారు. పేల్చే యంత్రాన్ని పక్క పలకల మీద అమర్చినది సైడ్‌లాక్. రెండోది ఖరీదెక్కువ, నగిషీకి చోటూ ఎక్కువ. దెబ్బ విషయంలో రెంటికీ పెద్ద తేడా లేదని నా అభిప్రాయం, కానీ వేలంలో ఆ మాట ఎవరూ వినరు.

1898లో జాన్ రిగ్బీ కంపెనీ కార్డైట్ అనే పొగలేని మందుతో .450 నైట్రో ఎక్స్‌ప్రెస్ తూటా తెచ్చింది. అంతవరకు పెద్ద గుండు కావాలంటే వేగం వదులుకోవాలి, వేగం కావాలంటే చిన్న గుండుతో సరిపెట్టుకోవాలి. కార్డైట్ రెండూ ఇచ్చింది. అయితే 1907లో ఇంగ్లీషు ప్రభుత్వం ఇండియాలోకి, సూడాన్‌లోకి .450 బోరు రాకుండా ఆపేసింది. పాత సైనిక మార్టినీ-హెన్రీ రైఫిళ్లది కూడా అదే బోరు. దొరల కోసం దిగుమతైన తూటాలు తిరుగుబాటుదార్ల చేతికి పోతాయని భయం. తుపాకుల కంపెనీలు ఊరుకుంటాయా? గొట్టం కాస్త వెడల్పు చేసి .470 అని ఒకరు, .500/465 అని హాలండ్ అండ్ హాలండ్ వారు, .475 నంబర్ 2 అని జెఫ్రీ వారు తలా ఒక దారి చూసుకున్నారు. ఒక సర్కారు నిషేధం నుంచి పుట్టిన ఈ కొలతలే ఇవాళ పాత రైఫిల్ ధరను సగం నిర్ణయిస్తున్నాయి. వాటిలో .470 తూటాలు ఇప్పటికీ తయారవుతున్నాయి, ఆఫ్రికాలో వేటకు వాడుతున్నారు. కాబట్టి దానికి గిరాకీ తగ్గలేదు.

ఇక అసలు విద్య సంగతి. .470 తూటాలో గుండు బరువు 32 గ్రాములు, వేగం సెకనుకు సుమారు 650 మీటర్లు. అంత బరువు అంత వేగంతో ముందుకు పోతే ఐదు కిలోల తుపాకి సెకనుకు ఐదు మీటర్ల పైచిలుకు వేగంతో వెనక్కి తంతుంది. ఆ తన్ను గుండు బయటపడ్డాక మొదలవదు. గుండు గొట్టంలో ఉండగానే తుపాకి నాలుగైదు మిల్లీమీటర్లు వెనక్కి జరిగి ఉంటుంది. ఒంటి గొట్టమైతే తన్ను మధ్యలోంచి వస్తుంది. ఇక్కడ కుడి గొట్టం మధ్యగీతకు కుడిపక్కన ఉంది కాబట్టి, అది పేలితే తుపాకి మూతి పైకీ కుడికీ తిరుగుతుంది. ఎడమది పేలితే ఎడమకు. గొట్టాల్ని సమాంతరంగా పెడితే కుడి గుండు కుడికి, ఎడమ గుండు ఎడమకు పోతాయి. అందుకని మూతి దగ్గర రెంటినీ కొద్దిగా దగ్గరకు వంచుతారు. ఒక కాడికి కట్టిన రెండెడ్లు తలోవైపు లాగుతున్నా నాగలి చాలు తప్పకూడదు, అలాంటి లెక్క ఇది.

ఎంత దగ్గరకు వంచాలన్నది కాగితం మీద తేలదు. గొట్టాల మధ్య మూతి దగ్గర చిన్న మేకు పెట్టి, తాత్కాలికంగా అతికి, పనివాడు దాన్ని పేల్చి చూస్తాడు. రెండు గుళ్లూ దూరంగా పడితే అతుకు కరిగించి మేకు కొద్దిగా జరుపుతాడు. మళ్లీ పేలుస్తాడు. ఒక గొట్టం గుండు పైకి పోతే దానికి వేరే సర్దుబాటు. రెండు గొట్టాలూ యాభై, వంద గజాల దూరంలో ఒకేచోట కొట్టేదాకా ఇదే పని. దీన్ని రెగ్యులేషన్ అంటారు. లండన్ రైఫిల్ ధరలో పెద్ద వాటా ఈ ఓపికకే పోయేది.

పైగా ఈ పొత్తు ఒకే రకం తూటాకు కుదురుతుంది. మందు ఎక్కువైతే గుండు తొందరగా బయటపడుతుంది, తుపాకి పక్కకు తిరగడం పూర్తి కాదు, రెండు గుళ్లూ అడ్డంగా దాటుకుంటాయి. తక్కువైతే ఎడం అవుతాయి. అందుకే గొట్టాల అడుగున, మడిచినప్పుడు మాత్రమే కనపడే చదునైన చోట, ఎన్ని గ్రెయిన్ల కార్డైటో, ఎంత బరువు గుండో చెక్కి ఉంటుంది. కార్డైట్‌కు ఎండ గిట్టదు, వేడికి పీడనం పెరుగుతుంది. పులి షికారు సాగేది నీటి గుంటలు ఎండిపోయే ఏప్రిల్, మే నెలల్లో, అంటే వరంగల్ మండిపోయే రోజుల్లో. ఇండియాకు పంపే తూటాల్లో మందు కొంత తగ్గించి నింపేవారు. ఆ చెక్కుడు చదవగలిగితే ఆ తుపాకిని ఏ తూటాకు సరిచూశారో తెలుస్తుంది.

వెల కట్టేవాడు ముందు తుపాకి ఖాళీగా ఉందో లేదో చూసుకుని, గొట్టాలు మడిచి, ఆ చెక్కుడు చదవడంతోనే మొదలుపెడతాడు. అక్కడే లండన్ లేదా బర్మింగ్‌హామ్ పరీక్షాలయం ముద్రలుంటాయి. నంబరు గొట్టాల మీద, యంత్రం మీద, ముందు కర్ర ఇనుము మీద ఒకటే ఉండాలి. వేరువేరుగా ఉంటే అది రెండు తుపాకుల్ని కలిపి కట్టినది. పైపట్టీ మీద పేరు చూడాలి. పర్డీ, హాలండ్ అయితే ఒక ధర. కలకత్తా రోడ్డా కంపెనీ పేరో, మద్రాసు పి. ఓర్ అండ్ సన్స్ పేరో ఉంటే ఇంకో ధర. ఈ దుకాణాలు ఎక్కువగా బర్మింగ్‌హామ్‌లో చేయించిన వాటి మీద తమ పేరు కొట్టించి అమ్మేవి. పనితనంలో కొన్ని ఏమీ తీసిపోవు, కొనేవాడికి మాత్రం పేరు కావాలి.

తర్వాత గొట్టాల్లోంచి వెలుతురు వైపు చూస్తారు. గాడుల అంచులు పదునుగా, మెరుస్తూ ఉండాలి. పాత తూటాల అడుగు మందు పేలాక గొట్టంలో ఉప్పులాంటి మడ్డి వదిలేది. అది గాల్లో తడిని పీల్చుకుంటుంది. వేట అయిన రాత్రే వేడినీళ్లతో కడిగి నూనె పట్టిస్తే సరి, లేకపోతే తొలకరి నాటికి లోపల గుంటలు పడతాయి. తోలు సంచిలో భద్రంగా దాచినవి ఇంకా ఘోరం, తోలు తేమను పట్టి ఉంచుతుంది. బయట మిలమిలలాడుతూ లోపల తిన్న గొట్టాలు మన ప్రాంతంలో కనపడితే ఆశ్చర్యపోనక్కర్లేదు.

గొట్టాల్ని విడదీసి, కొక్కెం దగ్గర వేలితో వేలాడదీసి చిన్న కర్రతో తడతారు. ఖంగుమంటే అతుకు గట్టిగా ఉన్నట్టు. బొదబొదమంటే పట్టీ వదిలిందన్నమాట, రెగ్యులేషన్ పోయి ఉండొచ్చు. ముందు కర్ర తీసి, గొట్టాలు మూసి ఊపితే కదలకూడదు. వెనకగోడకు, గొట్టాలకు మధ్య వెలుగు గీత కనపడితే తన్నులకు కీలు అరిగిపోయిందని అర్థం. మడమ కర్రకు యంత్రం కలిసేచోట సన్నని చీలిక ఉందేమో, దశాబ్దాల నూనె పీల్చుకుని నల్లబడి మెత్తబడిందేమో చూడాలి. స్క్రూల గాడులు చెదిరి ఉంటే ఎవరో తెలియనివాడు విప్పాడని లెక్క.

అమ్మేవాళ్లు ఎక్కువగా నష్టపోయేది ఇక్కడ కాదు, పాలిష్ దగ్గర. పాత ఇత్తడి సామాను తోమినట్టు తుపాకిని కూడా తళతళలాడించి చూపిస్తే ధర పెరుగుతుందనుకుంటారు. రుద్దుడు చక్రం మీద పెడితే అంచులు గుండ్రబడతాయి, అక్షరాలు వెలిసిపోతాయి, యంత్రం మీద గట్టిపరిచినప్పుడు వచ్చిన నీలి, గోధుమ రంగులు పోతాయి. అవి తిరిగి రావు. మాసిపోయిన అసలు రంగుకే సేకర్త డబ్బిస్తాడు.

చివరి పరీక్ష పేల్చి చూడటం. రెండు గొట్టాలూ ఒకేచోట కొడుతున్నాయా లేదా అన్నది తెలిసేది అక్కడే. వరంగల్‌లో ఆ పరీక్ష దాదాపు అసాధ్యం. మన ఆయుధ కర్మాగారాలు .315, .30-06, పన్నెండు బోరు తూటాలు చేస్తాయి గానీ .470 చేయవు. ఇంగ్లండ్‌లో కైనాక్ కంపెనీ కూడా 1960ల చివరికల్లా ఈ పెద్ద తూటాల పని మానుకుంటూ వచ్చింది. తర్వాత మరొకరు ఆ పేరుతోనే మళ్లీ మొదలుపెట్టారు గానీ, వాటిని తెప్పించుకోవడం ఇక్కడి మామూలు లైసెన్సుదారు వల్ల కాదు. కాబట్టి ఆ రైఫిల్‌లో అన్నిటికన్నా విలువైన గుణాన్ని నమ్మకం మీదే కొనాలి.

బయటి ధరలు వింటే ఇక్కడివాళ్లకు ఆశ పుడుతుంది. జిమ్ కార్బెట్ వాడిన జెఫ్రీ .450/400 డబుల్ రైఫిల్ తర్వాత అమెరికన్ తుపాకుల రచయిత ఎల్మర్ కీత్ చేతికి వెళ్లింది. 2015లో అమెరికా వేలంలో దాని ధర రెండున్నర లక్షల డాలర్లు దాటింది. అదే కాలపు మామూలు జెఫ్రీ బాక్స్‌లాక్‌కు అందులో చిన్న వాటా మాత్రమే వస్తుంది. మిగతాదంతా పులుల కథలు రాసిన మనిషి పేరుకు కట్టిన వెల. అలాగే కంపెనీ ఖాతా పుస్తకంలో నంబరు వెతికిస్తే మొదట కొన్నది హైదరాబాద్ నవాబు అని తేలిందనుకోండి, లండన్‌లో దాని ధర ఎగబాకుతుంది. అయితే 1972 పురావస్తు చట్టం ప్రకారం వందేళ్లు నిండిన వస్తువు దేశం దాటకూడదు. అదే ఏడాది వచ్చిన వన్యప్రాణి సంరక్షణ చట్టం షికారును ఆపేసింది. ఈ యంత్రానికి ఉన్న పనీ పోయింది, బయటికి వెళ్లే దారీ మూసుకుంది.

ఇక మిగిలింది ఇక్కడి బేరం. కొనేవాడికి లైసెన్సు ఉండాలి. ఇద్దరు వ్యక్తుల మధ్య అమ్మకమైతే 45 రోజుల ముందు అధికారులకు రాతపూర్వకంగా తెలపాలి. 2019 సవరణ తర్వాత ఒక మనిషికి రెండు తుపాకులే, అంతకు ముందు మూడు ఉండేవి. వారసత్వంగా వచ్చినవీ ఆ లెక్కలోకే వస్తాయి. విదేశీ తుపాకుల దిగుమతి 1980ల మధ్య నుంచి ఆగిపోయింది కాబట్టి తూటా దొరికే పాత విదేశీ రైఫిల్‌కు ఇక్కడ మంచి ధరే వస్తుంది. తూటా దొరకని .470ను తనకున్న రెండు చోట్లలో ఒక చోట పెట్టుకునేవాడు మాత్రం వేటగాడూ కాదు, పంట కాపలాకు కొనే రైతూ కాదు. ఆ మనిషి సేకర్త. అతను ముందు అడిగేది గొట్టాల గురించి కాకపోవచ్చు, పెట్టె గురించి. దళసరి తోలు పెట్టె, మూత లోపల అతికించిన కంపెనీ కాగితం, నూనె సీసా, శుభ్రం చేసే కడ్డీ, ఇవన్నీ ఉంటే ధర ఎంతో పెరుగుతుంది. ఆ పెట్టెను చెదలు పట్టిందని ఇంట్లోవాళ్లు ఎప్పుడో పారేసి ఉంటారు.