తోటలో కాచిన చిన్న పుల్లకాయ ఏ రకము?

బత్తాయి తోటలో ఒక చెట్టు హఠాత్తుగా చిన్న చిన్న నారింజ రంగు కాయలు కాయుట మీలో కొందరు చూచియుందురు. రాయలసీమలో చీనీ అనునదియు ఈ బత్తాయియే. కొత్త రకము దొరికినదని సంతోషించి ఆ కొమ్మ నుండి అంటు కట్టవద్దు. ముందుగా అది ఏ రకమో తెలిసికొనవలెను.

మొదట కొమ్మ ఎక్కడ పుట్టినదో చూడుడు. నర్సరీలో నేలకు సుమారు 15 సెంటీమీటర్ల ఎత్తున బత్తాయి కన్నును వేరుమూలపు మొక్కపై అంటుకట్టుదురు. ఆ అతుకు వద్ద మాను లావులో తేడా కనబడును. కొమ్మ అతుకునకు దిగువన పుట్టినచో అది బత్తాయి కాదు, వేరుమూలపు మొక్కయే. మన ప్రాంతములో ఇందుకు రంగపూరు నిమ్మను, జంబీరిని వాడుదురు.

తరువాత ఈ గుర్తులు పరిశీలింపుడు:

1. ఆకు: ఒక్కొక్క కాడకు మూడేసి ఆకులున్నచో అది మూడాకుల నారింజ గాని, దాని సంకరము గాని కావచ్చును.

2. పూమొగ్గ: రంగపూరు నిమ్మ, జంబీరి మొగ్గలపై ఊదా ఛాయ ఉండును. బత్తాయి, హజారా పూలు తెల్లనివి.

3. కాయ: జంబీరి పసుపు పచ్చనిది, తొక్క గరుకు. రంగపూరు నిమ్మ పండినపుడు తొక్క, గుజ్జు రెండును నారింజ రంగు. తొక్క సులభముగా ఊడును. రసము మిక్కిలి పులుపు. హజారా కూడ ఇట్లే ఉండును గాని 4.5 సెంటీమీటర్లకు మించదు. కుంక్వాట్ ఇంకను చిన్నది. దాని తొక్క తియ్యగా ఉండి తినుటకు పనికివచ్చును.

4. గింజ: పైపొర తీసి పప్పును చూడుడు. బత్తాయి, నిమ్మ పప్పు తెలుపు. రంగపూరు నిమ్మ, హజారా పప్పు ఆకుపచ్చ.

తొక్క రంగు నొక్కదానినే నమ్మరాదు. ఉష్ణ ప్రదేశములలో కాయ లోపల పండినను పైన పచ్చగానే ఉండవచ్చును. కనుక నాలుగు గుర్తులును కలిపి చూడవలెను.

వేరుమూలపు కొమ్మలని తేలినచో ఆలస్యము చేయరాదు. అవి బలముగా పెరిగి, నీటిని, ఎరువును లాగికొని, పైనున్న బత్తాయిని అణచివేయును. లేత దశలోనే మొదలంట తీసివేసి, గాయమునకు బోర్డో పేస్టు పూయుడు. బత్తాయి భాగము ఇదివరకే చచ్చిపోయినచో, అది బంకతెగులు వలననా, మరి ఏ కారణము వలననా విచారించిన పిమ్మటనే అచ్చట కొత్త మొక్క నాటవలెను.

ఇంకను సందేహమున్నచో ముదురు ఆకులతో కూడిన రెమ్మను, పూలను, నాలుగైదు పండిన కాయలను సేకరించి, కొమ్మ పుట్టిన చోటును చీటిపై వ్రాసి, తిరుపతిలోని నిమ్మజాతి పరిశోధన స్థానమునకు గాని, మీ ఉద్యాన అధికారికి గాని చూపుడు. ఒక కాయను కోసి చూచుటకు క్షణమే పట్టును. తెలియని కొమ్మ నుండి అంటుకట్టిన తోట సంగతి, నాలుగైదేండ్లు పెంచి కాపు చూచినగాని బయటపడదు.