‘మన దాంట్ల ఏముందని ఎత్తుకపోతరు?’
కంప్యూటర్ భద్రత: అపోహలు – వాస్తవాలు

కరీంనగర్ నర్సింగ్ హోంలో అడిగినా, జమ్మికుంట అడ్తి దుకాణంలో అడిగినా, ఆదిలాబాద్ జిన్నింగ్ మిల్లులో అడిగినా ముందుగా వినిపించేది ఈ ప్రశ్నే. హ్యాకర్లకు హైదరాబాద్ ఉంది, బెంగళూరు ఉంది, మనతో ఏం పని అన్న ధీమా అది.

ఆ ధీమా నిలవదని 2019లోనే తేలిపోయింది. ఆ ఏడాది వేసవిలో తెలంగాణ, ఆంధ్రప్రదేశ్ విద్యుత్ పంపిణీ సంస్థల కంప్యూటర్లపై రాన్‌సమ్‌వేర్ (ఫైళ్లకు తాళం వేసి, తెరవడానికి డబ్బు అడిగే ప్రోగ్రాము) దాడి జరిగింది. దెబ్బతిన్న వాటిలో వరంగల్ కేంద్రంగా నడిచే ఉత్తర తెలంగాణ డిస్కం కూడా ఉంది. కరీంనగర్, ఆదిలాబాద్ ఇళ్లకు కరెంటు బిల్లు ఇచ్చేది అదే. సిస్టమ్‌లు ఒకదానితో ఒకటి ముడిపడి ఉండటంతో వైరస్ ఒకచోట ఆగలేదు. వెబ్‌సైట్లు మూతపడ్డాయి.

ఇలాంటి దాడుల్లో ఊరు చూసి ఎంచుకునే మనిషి ఉండాల్సిన పని లేదు. లోపమున్న కంప్యూటర్ ఎక్కడుందా అని ఇంటర్నెట్‌ను రాత్రింబవళ్లు జల్లెడ పట్టే ప్రోగ్రాములు ఉంటాయి. వాటికి ఆదిలాబాద్ అయినా అమెరికా అయినా ఒకటే. పైగా మీ ఫైలు బజారులో అమ్ముడుపోనక్కర్లేదు, మీకు అవసరమైతే చాలు. పత్తి సీజన్ మధ్యలో ఏ రైతుకు ఎంత బాకీనో చెప్పే ట్యాలీ లెక్కలకు తాళం పడితే మిల్లు యజమాని ఎంతైనా కట్టడానికి సిద్ధపడతాడు. దాడి చేసేవాళ్ల లెక్క అదే.

అపోహ: యాంటీవైరస్ వేయించాం, ఇక భయం లేదు.

తాళం కొన్నంత మాత్రాన కాపలా పెట్టినట్టు కాదు. హైదరాబాద్ మహేశ్ బ్యాంకులో జరిగింది చూడండి. 2021 నవంబరులో ఆ సహకార బ్యాంకు సిబ్బందికి రెండు వందలకు పైగా మోసపు ఈమెయిళ్లు వచ్చాయి. వాటిని తెరిచినవాళ్ల కంప్యూటర్ల నుంచి దొంగలు లోపలికి దూరారు. 2022 జనవరి 23 ఆదివారం మొదలుపెట్టి మరునాడు తెల్లవారేలోగా 12 కోట్ల రూపాయలకు పైగా తరలించేశారు. చొరబాటును పసిగట్టే వ్యవస్థ బ్యాంకులో లేదని దర్యాప్తు చేసిన పోలీసులు చెప్పారు. సైబర్ భద్రత లోపాలకుగాను 2023లో రిజర్వు బ్యాంకు 65 లక్షల రూపాయల జరిమానా వేసింది.

నన్ను ఎక్కువగా కలచివేసేది పోయిన డబ్బు కాదు, నవంబరు నుంచి జనవరి దాకా గడిచిన రెండు నెలలు. కంప్యూటర్ తన దగ్గర జరిగేది లాగ్‌లో రాసిపెడుతుంది: ఎవరు లాగిన్ అయ్యారు, ఏ వేళలో, ఎక్కడి నుంచి అని. వాటిని చదివే మనిషి లేకపోతే ఆ రాతకు విలువ లేదు. అర్ధరాత్రి అడ్మిన్ ఖాతా తెరుచుకుంటే ఫోనుకు హెచ్చరిక వచ్చేలా పెట్టుకోవడానికి కోట్లు అక్కర్లేదు. చిన్న సంస్థలు కూడా వాడుకోగల ఉచిత సాఫ్ట్‌వేర్లు ఉన్నాయి. కరువైంది బాధ్యత ఒప్పుకునే మనిషే. ‘కంప్యూటర్ ఆపరేటర్ చూసుకుంటాడు’ అంటారు. ఆ పిల్లవాడికేమో అది తన పని అని ఎవరూ చెప్పి ఉండరు.

అపోహ: బ్యాకప్ ఉంది, ఏం పోయినా తెచ్చుకోవచ్చు.

ఎక్కడుంది ఆ బ్యాకప్? అదే కంప్యూటర్‌కు ఎప్పుడూ తగిలించి ఉండే హార్డ్ డిస్కులోనా? అయితే రాన్‌సమ్‌వేర్ దానికి కూడా తాళం వేసేస్తుంది. 2022 నవంబరు 23న ఢిల్లీ ఎయిమ్స్‌లో ఐదు సర్వర్లు, సుమారు 1.3 టెరాబైట్ల సమాచారం ఇలాగే చిక్కుకుపోయాయి. దాదాపు రెండు వారాలు ఓపీ చీటీల నుంచి రిపోర్టుల దాకా చేతిరాతతోనే నడిచాయి. దాడి తగలని ఒక బ్యాకప్ సర్వర్ మిగిలింది కాబట్టి రోగుల సమాచారం తిరిగి దొరికింది. అంత పెద్ద ఆసుపత్రిని నిలబెట్టింది అదే.

మూడు కాపీలు, రెండు రకాల పరికరాలు, ఒక కాపీ వేరే చోట. ఇది ప్రపంచమంతా పాటించే పద్ధతి. దానికి తోడు నెలకోసారి ఒక ఫైలును బ్యాకప్ నుంచి వెనక్కి తెచ్చి తెరిచి చూడాలి. తెరుచుకోకపోతే బ్యాకప్ లేనట్టే.

అపోహ: అప్‌డేట్ కొడితే సిస్టమ్ నెమ్మదిస్తుంది, పాత విండోసే మేలు.

2017 మేలో వన్నాక్రై అనే రాన్‌సమ్‌వేర్ ప్రపంచాన్ని చుట్టేసినప్పుడు చిత్తూరు, కృష్ణా, గుంటూరు, విశాఖపట్నం, శ్రీకాకుళం జిల్లాల పోలీసు కంప్యూటర్లు కూడా దెబ్బతిన్నాయి. అది వాడుకున్న లోపానికి మైక్రోసాఫ్ట్ అప్పటికి రెండు నెలల ముందే, మార్చిలోనే, మరమ్మతు విడుదల చేసింది. నిజమే, అప్‌డేట్ కూడా దెబ్బతీయవచ్చు. 2024 జులై 19న క్రౌడ్‌స్ట్రయిక్ అనే సైబర్ భద్రత కంపెనీ పంపిన తప్పుడు అప్‌డేట్ 85 లక్షల విండోస్ కంప్యూటర్లను ఆపేసింది, హైదరాబాద్ విమానాశ్రయంలో బోర్డింగ్ పాసులు చేత్తో రాసి ఇచ్చారు. అందుకని అప్‌డేట్ మానేయడం పరిష్కారం కాదు. వీలున్న చోట ముందు ఒక కంప్యూటర్‌లో వేసి చూసి, తర్వాత మిగిలినవాటికి వేయాలి.

అపోహ: క్లౌడ్‌లో పెట్టాం, అంతా వాళ్లే చూసుకుంటారు.

యంత్రాలను, భవనాన్ని క్లౌడ్ కంపెనీ వాళ్లు చూసుకుంటారు. పాస్‌వర్డ్, ఎవరికి ఏ అనుమతి, ఉద్యోగం మానేసినవారి ఖాతా మూయడం మీ పనే.

అపోహ: బయటికి చెబితే పరువు పోతుంది.

దాచితే ఆధారాలు పోతాయి. సైబర్ దాడి జరిగితే తెలిసిన ఆరు గంటల్లో కేంద్ర ప్రభుత్వ సైబర్ భద్రత సంస్థ సెర్ట్-ఇన్‌కు చెప్పాలని, లాగ్‌లను 180 రోజులు దాచాలని కంపెనీలకు, ప్రభుత్వ సంస్థలకు 2022 ఏప్రిల్ 28 నాటి ఆదేశాలు ఉన్నాయి. డబ్బు పోతే వెంటనే సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి. ఎంత త్వరగా చేస్తే దొంగల ఖాతాలో ఆ డబ్బును స్తంభింపజేసే అవకాశం అంత ఎక్కువ.

ఆసుపత్రి, బడి, మిల్లు, సొసైటీ ఏదైనా సరే, నడిపేవారు ఈ వారమే ఒక పని చేయండి. మీ కంప్యూటర్ల బాధ్యత ఎవరిదో పేరు రాసి గోడకు అంటించండి. ఆ మనిషికి రోజుకు అరగంట సమయం, నెలకు కొంత జీతం అదనంగా ఇవ్వండి.