పైరు కంటే ముందు తినేవి

వరి మడిలో యూరియా చల్లాక అందులోని నత్రజనిని మొదట అందుకునేది వరి వేరు కాదు. ఆ వేరు చుట్టూ మట్టిలో బతికే బాక్టీరియా, శిలీంధ్రాలు. లెక్కకు అవి ఎన్నో రెట్లు ఎక్కువ, మట్టి రేణువుకు మరీ దగ్గర. వాటి అవసరం తీరాక మిగిలిందే పైరుది. అవి చచ్చాక, వాటిని ఇంకో జీవి తిన్నాక ఆ నత్రజని మళ్లీ బయటికి వస్తుంది గానీ అది కొన్ని వారాల తర్వాతి మాట.

సూక్ష్మజీవులు ఎంత తీసుకుంటాయన్నది యూరియా మోతాదు ఒక్కటే తేల్చదు. ఆ వేళకు నేలలో కర్బనం ఎంతుంది, ఏ రూపంలో ఉంది, భాస్వరం వాటికి అందుతోందా లేదా అన్నవన్నీ కలిసి తేలుస్తాయి.

శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో ఇది పుస్తకాలకు పరిమితమైన విషయం కాదు. ఇక్కడి మెట్ట భూముల్లో ఎక్కువ భాగం ఎర్ర నేలలు. ఇసుక పాలు ఎక్కువ, సేంద్రియ కర్బనం తక్కువ, నత్రజని తక్కువ, ఇనుము, అల్యూమినియం ఆక్సైడ్లు దండి. వంశధార, నాగావళి ఒండ్రు మేటల్లో పరిస్థితి కొంత మెరుగు. గరువుల్లో చోడి, గోగు, వేరుశనగ, మొక్కజొన్న పండుతాయి. పల్లంలో వరి, దాని వెనకే పెసర, మినుము. ఎన్ని బస్తాలు వేశామన్నది ఎంత ముఖ్యమో, వేసే నాటికి నేలలోని జీవులు దేనికి ఆకలిగా ఉన్నాయన్నది కూడా అంతే ముఖ్యం.

పాళ్ల లెక్క

సూక్ష్మజీవి ఒంట్లో బరువు ప్రకారం ఎనిమిది పాళ్ల కర్బనానికి సుమారు ఒక పాలు నత్రజని ఉంటుంది. ఈ నిష్పత్తిని అది పెద్దగా మార్చుకోలేదు. తిన్న కర్బనంలో దాదాపు మూడో వంతే ఒంటికి పడుతుంది. మిగతా రెండు వంతులూ శ్వాసలో కార్బన్ డయాక్సైడ్‌గా పోతాయి. అంటే ఒంట్లో 8 పాళ్లు చేరాలంటే 24 పాళ్లు తినాలి, దానికి ఒక పాలు నత్రజని జతపడాలి. నేలశాస్త్రంలో 24:1 ఒక ముఖ్యమైన గీత అయింది అందుకే. మేతలో కర్బనం ఆ గీతకు లోపల ఉంటే నత్రజని మిగిలి నేలలోకి విడుదలవుతుంది. గీత దాటితే లోటును సూక్ష్మజీవి చుట్టూ ఉన్న మట్టిలోంచి లాక్కుంటుంది. రవ్వ ఎంత ఉన్నా రుబ్బిన మినప్పప్పు ఉన్న మేరకే ఇడ్లీ పిండి అయినట్టు, కర్బనం ఎంత దొరికినా సూక్ష్మజీవుల పెరుగుదల నత్రజని, భాస్వరం అయిపోయిన చోట ఆగుతుంది.

2007లో క్లీవ్‌లాండ్, లిప్ట్‌జిన్ అనే శాస్త్రవేత్తలు ప్రపంచంలోని అనేక నేలల కొలతలను పక్కపక్కన పెట్టి చూశారు. పరమాణువుల లెక్కన నేల మొత్తంలో కర్బనం, నత్రజని, భాస్వరం సగటున 186:13:1గా ఉన్నాయి. సూక్ష్మజీవుల ఒంట్లో మాత్రం 60:7:1. చుట్టూ ఉన్న మట్టితో పోలిస్తే వాటికి కర్బనానికి తగ్గ భాస్వరం మూడు రెట్లు కావాలన్నమాట. భాస్వరాన్ని గట్టిగా పట్టి ఉంచే ఎర్ర నేలలో ఇది చిన్న సంగతి కాదు.

టన్ను గడ్డి, అర బస్తా యూరియా

కోత యంత్రం వదిలిన వరిగడ్డిని పొలంలోనే కలియదున్నితే నేలకు మంచిది. ఆ మంచికి మొదట కొంత ఖర్చుంది. టన్ను ఎండుగడ్డిలో కర్బనం 400 కిలోలు, నత్రజని 6 కిలోలు అనుకుందాం. నిష్పత్తి 67:1. ఆ కర్బనంలో మూడో వంతు, అంటే 133 కిలోలు సూక్ష్మజీవుల ఒంటికి చేరాలంటే దాదాపు 17 కిలోల నత్రజని కావాలి. గడ్డి ఇచ్చేది 6. మిగతా 11 కిలోలు నేల భరించాలి. యూరియాలో నత్రజని 46 శాతం కాబట్టి ఇది 45 కిలోల బస్తాలో సగానికి సమానం.

నిజంలో గడ్డి ఒక్కసారిగా కుళ్లదు. నీరు నిలిచిన మడిలో గాలి అందక సూక్ష్మజీవులు నెమ్మదిగా పెరుగుతాయి, వాటి నత్రజని అవసరమూ తగ్గుతుంది. అయినా గడ్డి దున్నిన వెంటనే ఉభాలు చేస్తే లేత పైరు పసుపు తిరగడానికి ఒక కారణం ఈ లోటే. రెండు మూడు వారాల ముందే దున్నితే పోటీ వేడి తగ్గాక మొక్క నేలలోకి వస్తుంది.

జీలుగ, జనుము, పిల్లిపెసర పూత దశలో దున్నితే ఇబ్బంది రాదు. లేత పప్పుజాతి పైరులో నిష్పత్తి 24కు లోపలే ఉంటుంది, అది మొదటి నుంచీ నత్రజనిని ఇస్తూ పోతుంది. మాగిన గెత్తానికీ పచ్చి పేడకూ ఉన్న తేడా కూడా ఇదే. కుప్పలో మాగేటప్పుడే కర్బనంలో చాలా భాగం శ్వాసలో పోయి, నిష్పత్తి పైరుకు అనుకూలమైన చోటికి దిగుతుంది.

భాస్వరం చేసే పని

భాస్వరాన్ని కొలవడం ప్రపంచానికి నేర్పినవారిలో భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు ఒకరు. సైరస్ ఫిస్కేతో కలిసి హార్వర్డ్‌లో ఆయన రూపొందించిన పద్ధతి 1925లో వెలువడింది. మాలిబ్డినంతో కలిసిన భాస్వరం నీలం రంగు తేలుతుంది, ఆ రంగు గాఢతే కొలత. నేటి మట్టి పరీక్షల్లోనూ భాస్వరాన్ని నీలి రంగుతోనే చూస్తారు. 1929లో జర్మనీలో కార్ల్ లోమన్, అమెరికాలో ఫిస్కే, సుబ్బారావు విడివిడిగా గుర్తించిన ఏటీపీ కూడా భాస్వరం ఉన్న పదార్థమే. జీవకణం చేసే దాదాపు ప్రతి పనికీ శక్తి అందించేది అదే.

మినుము వేరు బుడిపెల్లోని రైజోబియం గాలిలోని ఒక నత్రజని అణువును విడగొట్టడానికి కనీసం 16 ఏటీపీలు ఖర్చు పెడుతుంది. భాస్వరం తక్కువైన నేలలో బుడిపెలు చిన్నవై, పని మందగిస్తుంది. నత్రజని మరీ ఎక్కువైనా మొక్క బుడిపెలను పోషించడం తగ్గిస్తుంది. మొక్క నుంచి వాటికి వెళ్లేది కర్బనం. మూడు మూలకాల బేరం ఒకే బుడిపెలో కనిపిస్తుంది.

వంశధార మీది గొట్టా బ్యారేజీ నీరందే పల్లాల్లో వరి కోతకు కొద్ది రోజుల ముందు, మడిలో తేమ ఉండగానే అపరాలు చల్లుతారు. వరికి నీరు నిలిచినంత కాలం బాక్టీరియా ప్రాణవాయువు బదులు ఇనుముతో శ్వాస పని సాగిస్తాయి. ఇనుము రూపం మారి, అది పట్టి ఉంచిన భాస్వరం కరిగి వరికి అందుతుంది. నీరు తీసి నేల ఆరగానే ఇనుము మళ్లీ తుప్పుగా మారి భాస్వరాన్ని ముందుకంటే గట్టిగా పట్టుకుంటుంది. వరికి లోటు కనిపించని మడిలోనే తర్వాతి మినుముకు లోటు రావచ్చు. పైగా వరి మోళ్లు, వేళ్లు కుళ్లుతున్న కాలమది, సూక్ష్మజీవులకూ భాస్వరం కావాలి. అప్పుడు శిలీంధ్రాలు, బాక్టీరియా సేంద్రియ ఆమ్లాలను, ఫాస్ఫటేజ్ అనే ఎంజైమును వదిలి దాన్ని విడిపించుకుంటాయి. ఎంజైము ప్రోటీనే గనక దాని తయారీకి నత్రజని కావాలి, శక్తికి కర్బనం కావాలి. రెండూ లేని నేలలో భాస్వరం ఉండి కూడా అందదు. విత్తనానికి రైజోబియంతో పాటు ఫాస్ఫోబాక్టీరియా పట్టించమని చెప్పే సలహా ఇక్కడే అర్థవంతమవుతుంది. ఆ బాక్టీరియాకు తిండి కూడా నేలలో ఉండాలి.

తొలకరి ఖర్చు

నేలలోని సూక్ష్మజీవుల్లో ఎక్కువ భాగం ఎక్కువ కాలం నిద్రాణంగానే ఉంటాయి, కారణం కర్బనం కొరత. వేసవిలో ఎండిన గరువు మీద తొలకరి పడగానే చచ్చిన జీవుల అవశేషాలు, మట్టి రేణువుల్లో చిక్కుకున్న కర్బనం తడిసి విడుదలవుతాయి. ఒక్కసారిగా శ్వాస పెరుగుతుంది, నత్రజని బయటపడుతుంది. తూర్పు ఆఫ్రికా నేలల్లో దీన్ని వివరంగా చూపిన బర్చ్ పేరుతో, 1958 నాటి ఆయన పరిశోధన తర్వాత, దీన్ని బర్చ్ ప్రభావం అంటున్నారు. ఆ వేళకు పొలంలో వేరు లేకపోతే, ఇసుక పాలు ఎక్కువైన మన నేలల్లో ఆ నత్రజని తర్వాతి వానలకు కిందికి దిగిపోతుంది.

తొలకరికి ముందే నవధాన్యాలు విత్తే పద్ధతికి ఉన్న బలం ఇదే. వేరు ముందే ఉండి నత్రజనిని పట్టుకుంటుంది, తన స్రావాలతో కర్బనాన్ని ఇస్తుంది. 2016 నుంచి రైతు సాధికార సంస్థ నడుపుతున్న ప్రకృతి వ్యవసాయంలో నేలశాస్త్రం బలంగా సమర్థించే భాగాల్లో ఇది ఒకటి.

జీవామృతం ఏం చేయగలదు

అదే ప్రకృతి వ్యవసాయంలో ఎకరాకు వాడే జీవామృతంలో 200 లీటర్ల నీరు, 10 కిలోల పేడ, 5 నుంచి 10 లీటర్ల ఆవు మూత్రం, రెండేసి కిలోల బెల్లం, పప్పుల పిండి, గుప్పెడు మట్టి ఉంటాయి. బెల్లం తేలిగ్గా తినగలిగే కర్బనం, పిండి నత్రజని. డ్రమ్ములో సూక్ష్మజీవులు వేగంగా పెరగడానికి ఇది చక్కని మేత. మొత్తం నత్రజని లెక్కేస్తే సుమారు పావు కిలో. ఎకరాకు రెండు టన్నుల ధాన్యం ఇచ్చే వరి తీసుకునే నత్రజని 30 కిలోలకు తక్కువ కాదు.

కర్బనం లెక్కా చూద్దాం. ఎకరంలో పై 15 సెంటీమీటర్ల మట్టి దాదాపు 900 టన్నులు. సేంద్రియ కర్బనం 0.4 శాతమైతే 3.6 టన్నులు. అందులో నూటికి ఒకటి నుంచి నాలుగు పాళ్లు బతికున్న సూక్ష్మజీవులది, అంటే సుమారు 36 నుంచి 144 కిలోలు. బెల్లంలోని కర్బనం కిలో కన్నా తక్కువ. కాబట్టి జీవామృతం ఎరువు స్థానంలో నిలబడదు. గడ్డి, పచ్చిరొట్ట, గెత్తం, ఎడతెగని వేళ్లు ఉన్న పొలంలో అది చిన్న ప్రేరణ. అవి లేని పొలంలో దాని మీద ఆశ పెట్టుకున్న రైతు నష్టపోతాడు.

యూరియా నేలను చంపేస్తుందన్న మాట కూడా ఇంతే అసంపూర్ణం. 2014లో గైసెలర్, స్కో అనే పరిశోధకులు దీర్ఘకాలిక సాగు ప్రయోగాలను సమీక్షించగా, రసాయన ఎరువు వేసిన పొలాల్లో సూక్ష్మజీవుల రాశి ఏమీ వేయని వాటికంటే సగటున 15 శాతం ఎక్కువగా తేలింది. పైరు బాగా పెరిగితే వేళ్లు, మోళ్లు ఎక్కువ మిగులుతాయి, అదే వాటి తిండి. ఆమ్లత పెరిగి పీహెచ్ 5కు దిగువకు పడిన నేలల్లో మాత్రం రాశి తగ్గింది. పైరు అవశేషాలన్నీ బయటికి తరలించి, ఏటా యూరియా ఒక్కటే వేసే తేలికపాటి ఎర్ర నేలకు ప్రమాదం అటువైపు నుంచే ఉంది.

మూడూ కలిసినప్పుడే

నేలలో నిలిచే హ్యూమస్‌లో పెద్ద భాగం చచ్చిన సూక్ష్మజీవుల అవశేషం. దానికీ పాళ్లున్నాయి. ఆస్ట్రేలియాలో క్లైవ్ కిర్క్‌బీ బృందం 2011లో చూపిన నిష్పత్తి ప్రకారం టన్ను కర్బనం హ్యూమస్‌గా నిలవాలంటే సుమారు 83 కిలోల నత్రజని, 20 కిలోల భాస్వరం, 14 కిలోల గంధకం దానితో పాటు కుదురుకోవాలి. గడ్డి ఒక్కటే వేసి కర్బనం పెంచలేం, యూరియా ఒక్కటే వేసి సారం పెంచలేం.

2015లో మొదలైన నేల ఆరోగ్య కార్డులో 12 అంశాలుంటాయి. బతికున్న సూక్ష్మజీవుల రాశి వాటిలో లేదు. క్లోరోఫారంతో దాన్ని కొలిచే పద్ధతిని జెంకిన్సన్, పౌల్సన్ 1976లోనే ఇచ్చారు. ప్రతి రైతుకూ ఆ పరీక్ష సాధ్యం కాకపోవచ్చు. నైర వ్యవసాయ కళాశాల, రాగోలు, ఆమదాలవలస, విజయనగరం పరిశోధన స్థానాలు తమ చుట్టుపక్కల గరువుల్లో, పల్లాల్లో కొన్ని పొలాలను ఎంచుకుని ఏటా కొలిచి ఫలితాలను తెలుగులో ప్రకటిస్తే, ఇక్కడి నేలకు ఇక్కడి లెక్క దొరుకుతుంది.

అంతవరకూ రైతు చేతిలో ఉన్న కార్డులో మొదట చదవాల్సింది సేంద్రియ కర్బనం వరుస. అది 0.5 శాతానికి దిగువన ఉంటే, యూరియా మోతాదు ఆలోచించే ముందు ఈ ఏడాది పొలంలోకి తిరిగి వెళ్లే గడ్డి, గెత్తం, పచ్చిరొట్ట ఎంతో లెక్క వేయాలి. ఆ తర్వాత ఆ కర్బనానికి తోడుగా ఎంత నత్రజని, వరి వెనక వచ్చే మినుముకు ఎంత భాస్వరం అన్నది తేల్చుకోవాలి. ఎరువు సిఫార్సులు ఈ వరుసలో రాస్తే, రైతు పెట్టే డబ్బులో ఎక్కువ భాగం అతని పైరుకే చేరుతుంది.